పోలింగ్ కేంద్రంలో ఓటు వేయడం: కర్నూలు, అనంతపురం, కడప ఓటర్లకు సమగ్ర మార్గదర్శి

పోలింగ్ రోజు ఓటు వేయకుండా ఇంటికి తిరిగొచ్చినవాళ్లను అడిగి చూడండి. మిషన్ పాడైందని చెప్పేవాళ్లు అరుదు. "నా పేరు ఇక్కడ లేదన్నారు", "ఈ కార్డు చెల్లదన్నారు", "నా ఓటు ఎవరో వేసి పోయారంట" అనే మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. మొదటి రెండూ పోలింగ్‌కు ముందే ఇంట్లో కూర్చుని సరిచేసుకోదగ్గవి. మూడోదానికి బూత్‌లోనే నిబంధన ప్రకారం ఒక దారి ఉంది. ఏ బల్ల దగ్గర ఏం జరగాలో, ఎవరి పని ఎంతవరకో తెలిసిన ఓటరును ఉత్త మాటలతో వెనక్కి పంపడం అంత తేలిక కాదు. అందుకే ఇక్కడ మిషన్ మీట కన్నా, మీట దాకా పోయే దారి గురించే ఎక్కువ చెబుతున్నాం.

కార్డు కాదు, జాబితా ముఖ్యం

ఓటరు గుర్తింపు కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన ఓటు ఉన్నట్టు కాదు. మీ పేరు ఓటర్ల జాబితాలో ఉండాలి. కార్డు పోయినా, చిరిగినా, జాబితాలో పేరుంటే వేరే గుర్తింపు పత్రం చూపించి ఓటు వేయొచ్చు. పేరు లేకపోతే మాత్రం కొత్తగా మెరిసే కార్డు చూపించినా కుదరదు.

పేరు ఉందో లేదో చూసుకోవడానికి మూడు దారులున్నాయి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్ ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కార్డు నంబరు కొట్టి చూడొచ్చు. ఈ నంబరులో మామూలుగా మూడు ఇంగ్లిష్ అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. ఇంటర్నెట్ లేనివాళ్లు 1950కి ఫోన్ చేయొచ్చు. మీ బూత్ జాబితా చూసే బీఎల్వోను (బూత్ స్థాయి అధికారిని) అడిగితే జాబితానే తెచ్చి చూపిస్తారు. ఎక్కువ ఊళ్లలో అంగన్‌వాడీ టీచరో, సచివాలయ ఉద్యోగో, బడి పంతులో ఈ పని చూస్తుంటారు.

చూసినప్పుడు "ఉంది" అనుకుని వదిలేయకండి. నాలుగు వివరాలు కాగితం మీద రాసుకోండి: అసెంబ్లీ నియోజకవర్గం, భాగం సంఖ్య, ఆ భాగంలో మీ వరుస సంఖ్య, పోలింగ్ కేంద్రం ఉన్న బడి పేరు, గది. బూత్‌లో మొదటి బల్ల దగ్గరున్న అధికారి మిమ్మల్ని వెతికేది పేరుతో కాదు, వరుస సంఖ్యతో. ఆ అంకె మీ నోట్లో ఉంటే అర నిమిషంలో పని అవుతుంది. లేకపోతే వెయ్యి పేర్ల జాబితా తిరగేస్తూ "లేదమ్మా, పక్క గదిలో చూడు" అంటారు. పక్క గదివాళ్లు ఇంకో గదికి పంపుతారు. ఎండలో రెండు వరసలు నిలబడ్డాక మూడో వరసకు ఓపిక ఎవరికుంటుంది?

ఒకే హైస్కూల్లో నాలుగైదు పోలింగ్ కేంద్రాలు ఉండటం మన పట్టణాల్లో మామూలే. ఒకే ఇంట్లో భార్య పేరు ఒక భాగంలో, భర్త పేరు ఇంకో భాగంలో ఉండటమూ జరుగుతుంది. 2025లో ఒక్కో కేంద్రానికి ఓటర్ల పరిమితిని 1500 నుంచి 1200కు తగ్గించారు. దాంతో పెద్ద కేంద్రాలను విడదీయాల్సి వస్తుంది. పోయినసారి వేసిన గదే ఈసారీ అనుకోవద్దు.

పేరు లేకపోతే ఫారం 6, ఇల్లు మారినా, వివరాల్లో తప్పులున్నా, కార్డు పోయినా ఫారం 8. వీటికి గడువు ఉంది. నామినేషన్ల ఆఖరు రోజుకు సుమారు పది రోజుల ముందు వరకు వచ్చిన దరఖాస్తులే ఆ ఎన్నికకు పనికొస్తాయి. 2024లో మన రాష్ట్రంలో నామినేషన్ల ఆఖరు ఏప్రిల్ 25 కాగా, ఫారం 6 గడువు ఏప్రిల్ మధ్యలోనే ముగిసింది. పోలింగ్ మే 13న జరిగింది. అంటే పోలింగ్ వారం వచ్చాక ఎవరిని పట్టుకున్నా ఆ ఎన్నికకు పేరు ఎక్కదు. 18 ఏళ్లు నిండే పిల్లలకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. జనవరి దాకా ఆగనక్కర్లేదు.

అనంతపురం నుంచి బెంగళూరుకు పనికి పోయినవాళ్లకు ఒక మాట. పేరు అక్కడా ఇక్కడా ఉంచుకోవడం చట్టరీత్యా నేరం. ఎక్కడ కాపురం ఉంటే అక్కడే ఉంచుకోండి. అక్కడికి మార్చుకోవాలంటే ఫారం 8 చాలు, ఇక్కడి పేరు దానంతటదే తీసేస్తారు.

మీ ఊరు ఒకటి, నియోజకవర్గం ఇంకొకటి

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కానీ నియోజకవర్గాల హద్దులు మారలేదు. దీంతో చాలామంది ఎవరికి ఓటు వేయాలో మిషన్ ముందు నిలబడ్డాక గానీ తెలుసుకోవడం లేదు.

కర్నూలు నగరానికి ఆనుకుని ఉన్న కల్లూరు మండలం ఓటర్లు కర్నూలు అసెంబ్లీకి కాదు, పాణ్యం అసెంబ్లీకి ఓటు వేస్తారు. పాణ్యం నంద్యాల లోక్‌సభ కిందకు వస్తుంది. కర్నూలు ఎంపీ అభ్యర్థి పేరు కోసం మిషన్ మీద ఎంత వెతికినా వాళ్లకు కనిపించదు. అనంతపురం మండలంలోని కొన్ని శివారు గ్రామాలవాళ్లు రాప్తాడు అసెంబ్లీ, హిందూపురం లోక్‌సభ ఓటర్లు. కడప పక్కనే ఉన్న చింతకొమ్మదిన్నె మండలం కమలాపురం అసెంబ్లీలో ఉంది, లోక్‌సభ మాత్రం కడపే. మీది ఇలాంటి శివారు కాలనీ అయితే అభ్యర్థుల పేర్లు ముందే కనుక్కుని పొండి.

జేబులో ఉండాల్సింది

ఓటరు గుర్తింపు కార్డు ఉంటే అది చాలు. లేకపోతే 2024 ఎన్నికలకు ఎన్నికల సంఘం ఒప్పుకున్న పన్నెండు పత్రాల్లో ఏదో ఒకటి, అసలుది, తీసుకెళ్లాలి. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, ఫొటో ఉన్న పెన్షన్ పత్రం, ప్రభుత్వ లేదా ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగి గుర్తింపు కార్డు, కార్మిక శాఖ ఆరోగ్య బీమా స్మార్ట్ కార్డు, జనాభా రిజిస్టర్ కింద ఇచ్చిన స్మార్ట్ కార్డు, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, చట్టసభల సభ్యులకు ఇచ్చే కార్డు. ఇంతే.

ఈ జాబితాలో రేషన్ కార్డు లేదు. మన దగ్గర అన్ని పనులకూ ముందు తీసేది అదే కాబట్టి, పోలింగ్ కేంద్రంలోనూ దాన్నే చాపి వెనక్కి వచ్చేవాళ్లు ప్రతిసారీ కనిపిస్తారు. పాసుపుస్తకం మీద ఫొటో అంటించి ఉందో లేదో ముందురోజే చూసుకోండి. పొలం పట్టాదారు పుస్తకం కాదు, బ్యాంకుది. ఫోన్‌లో దాచిన ఫొటో మీద ఆధారపడొద్దు, ఫోనే లోపలికి రాదు. విదేశాల్లో ఉంటూ ఓటరుగా నమోదైనవాళ్లకు అసలు పాస్‌పోర్టు ఒక్కటే చెల్లుతుంది.

పోలింగ్‌కు కొన్ని రోజుల ముందు బీఎల్వో ఇంటికి తెచ్చే ఓటరు సమాచార చీటీ గుర్తింపు పత్రం కాదు. అందులో బూత్, భాగం, వరుస సంఖ్య ఉంటాయి కాబట్టి కార్డుతో పాటు అదీ పట్టుకుపోతే పని తేలిక. పార్టీలవాళ్లు పంచే చీటీలోనూ అవే వివరాలుంటాయి. కానీ దాని మీద అభ్యర్థి పేరో, గుర్తో ఉంటే బూత్‌లోకి తీసుకెళ్లొద్దు. అంకెలు చేతి కాగితం మీద రాసుకుని చీటీ బయటే వదిలేయండి.

కార్డులో పేరు అక్షరాలు అటూ ఇటూ అయినా, వయసులో చిన్న తేడా ఉన్నా భయపడక్కర్లేదు. మనిషి ఆ మనిషేనని తెలుస్తుంటే చిన్న తప్పులను పట్టించుకోవద్దని అధికారులకు స్పష్టమైన ఆదేశం ఉంది. వేరే నియోజకవర్గంలో ఇచ్చిన పాత కార్డు కూడా, ఈ బూత్ జాబితాలో పేరుంటే, చెల్లుతుంది. కార్డు మీద ఫొటో మిమ్మల్ని పోల్చుకోలేనంతగా ఉంటేనే రెండో పత్రం అడుగుతారు. అందుకే ఆధార్ కూడా జేబులో ఉంటే మంచిది.

బయలుదేరే వేళ

2024 మేలో మన దగ్గర పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు జరిగింది. కర్నూలు, కడప, అనంతపురంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఉదయం మొదటి రెండు గంటలు వరస పెద్దదిగా ఉన్నా నీడ ఉంటుంది. మధ్యాహ్నం వరస పలచబడుతుంది గానీ ఎండ మండుతుంది. అవ్వాతాతలను, చంటిపిల్లల తల్లులను, గర్భిణులను ఏడు గంటలకే తీసుకెళ్లండి. వాళ్లను వరసతో పనిలేకుండా ముందుగా పంపించాలనే నియమం ఉంది, అడగడానికి మొహమాటం వద్దు. చంకలోని బిడ్డను లోపలికి రానిస్తారు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు వరసలుంటాయి, ఒక మగవాడికి ఇద్దరు ఆడవాళ్ల చొప్పున లోపలికి పంపే పద్ధతి కూడా ఉంది.

పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ప్రచారం నిషేధం. పార్టీ కండువా, గుర్తు ఉన్న టోపీ, బ్యాడ్జీ ఇంట్లోనే వదిలేయండి. ఇవి వేసుకుని వస్తే గేటు దగ్గరే ఆపుతారు. ఫోన్ లోపలికి తీసుకెళ్లకూడదు. 2025లో ఎన్నికల సంఘం కేంద్రం గుమ్మం దగ్గర ఫోన్లు దాచే ఏర్పాటు చేయాలని ఆదేశించింది, ఫోన్ ఆఫ్ చేసి అక్కడ ఇచ్చి పోవాలి. ఇంట్లోనే పెట్టి వస్తే ఇంకా నిశ్చింత.

అభ్యర్థి పంపిన ఆటోలోనో, జీపులోనో ఎక్కడం గురించి కూడా చెప్పాలి. ఓటర్లను బూత్‌కు చేర్చడానికి అభ్యర్థి వాహనాలు పెట్టడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. సొంత బండి మీదో, పక్కింటివాళ్లతో కలిసి నడిచో వెళ్లండి. డబ్బు పంపకాలు కనిపిస్తే సీవిజిల్ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు పెట్టొచ్చు, వంద నిమిషాల్లో దాని సంగతి తేల్చాలన్నది లక్ష్యం. పోలింగ్ రోజు ఉద్యోగులకు, కూలీలకు జీతం కోయకుండా సెలవు ఇవ్వాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెబుతోంది. యజమాని కాదంటే ఈ అంకె చెప్పండి.

గదిలో బల్ల తర్వాత బల్ల

గదిలో అందరి మీదా పెద్ద ప్రిసైడింగ్ అధికారి. ఆయన కింద పోలింగ్ అధికారులు బల్లల దగ్గర కూర్చుంటారు. ఒక పక్కన అభ్యర్థుల ఏజెంట్లు ఉంటారు. ఏజెంట్ పని చూడటం, అభ్యంతరం ఉంటే చెప్పడం. మిమ్మల్ని కార్డు అడిగే హక్కు, వెనక్కి పంపే హక్కు ఏజెంట్‌కు లేవు.

మొదటి అధికారి దగ్గర ఓటర్ల జాబితా ఉంటుంది. వరుస సంఖ్య చెప్పి కార్డు చూపించండి. ఆయన మీ పేరు, సంఖ్య పైకి చదువుతారు. ఏజెంట్లు విని, మీరు ఆ మనిషి కాదనుకుంటే అప్పుడే అభ్యంతరం చెప్పాలి. అభ్యంతరం లేకపోతే జాబితాలో మీ పేరు మీద గీత గీస్తారు. ఆడవాళ్లయితే సంఖ్య చుట్టూ సున్నా కూడా చుడతారు.

రెండో అధికారి మీ ఎడమచేయి చూపుడువేలు చూస్తారు. వేలికి నూనె, మైనం లాంటిది ఉంటే తుడిపించి, గోరు పైనుంచి మొదటి కణుపు దాకా చెరగని సిరా గీత గీస్తారు. ఈ సిరా మైసూరులోని కర్ణాటక ప్రభుత్వ సంస్థ తయారు చేస్తుంది. అందులోని సిల్వర్ నైట్రేట్ చర్మంతో కలిసి వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది. ఆరేదాకా వేలు దేనికీ ఆనించకండి, చీర కొంగుతో తుడవకండి. తర్వాత రిజిస్టర్‌లో సంతకమో, వేలిముద్రో తీసుకుంటారు. ఆధార్ లాంటి పత్రం చూపిస్తే దాని చివరి నాలుగు అంకెలు కూడా అక్కడ రాసుకుంటారు, దానికి కంగారు పడొద్దు. అక్కడే వరుస నంబరు వేసిన చిన్న చీటీ ఇస్తారు.

ఆ చీటీని కంట్రోల్ యూనిట్ (అధికారి దగ్గరుండే మిషన్ భాగం) దగ్గరున్న అధికారికి ఇవ్వాలి. ఆయన వేలి సిరా మళ్లీ చూసి, తన దగ్గరున్న బ్యాలెట్ మీట నొక్కుతారు. అప్పుడే అట్టల మరుగున ఉన్న మిషన్ మీ కోసం తెరుచుకుంటుంది.

లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు కలిసి వస్తే, 2024లో వచ్చినట్టు, మిషన్లు రెండు, కంపార్ట్‌మెంట్లు రెండు, చీటీలు రెండు. లోక్‌సభ మిషన్ మీద అభ్యర్థుల పేర్ల కాగితం తెల్లగా, అసెంబ్లీది గులాబీ రంగులో ఉంటుంది. మొదటి ఓటు వేయగానే పని అయిపోయిందనుకుని తలుపు వైపు నడిచేవాళ్లు ఉంటారు. రెండు బీప్ శబ్దాలు వినేదాకా గది దాటొద్దు.

మిషన్ ముందు

మీరు మీట నొక్కే మిషన్ భాగాన్ని బ్యాలెట్ యూనిట్ అంటారు. ఒక్కో యూనిట్ మీద పదహారు వరుసలుంటాయి. అభ్యర్థులు పదిహేను మంది దాటితే రెండో యూనిట్ పక్కన పెడతారు. మీ అభ్యర్థి మొదటి యూనిట్‌లో కనిపించకపోతే రెండోది చూడండి. నోటా ఎప్పుడూ అందరికన్నా చివర ఉంటుంది. పేరు, ఫొటో, గుర్తు మూడూ కలిపి చూడండి. ఒకే పేరున్న స్వతంత్ర అభ్యర్థులు నిలబడటం మన దగ్గర పాత ఎత్తే, దగ్గరగా పోలిన గుర్తులూ ఉంటాయి. చూపులేనివాళ్ల కోసం మీటల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయి.

ముందు యూనిట్ పైన పచ్చ దీపం వెలిగిందా చూడండి. వెలగకపోతే మీట ఎంత నొక్కినా ఫలితం ఉండదు. అధికారి తన మీట ఇంకా నొక్కలేదన్నమాట, అక్కడినుంచే చెప్పండి. పచ్చ దీపం వెలిగాక అభ్యర్థి గుర్తు ఎదురుగా ఉన్న నీలం మీటను గట్టిగా నొక్కండి. పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది. వెంటనే పక్కనున్న వీవీప్యాట్ అద్దంలో ఒక చీటీ కనిపిస్తుంది. అందులో అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉంటాయి. ఏడు సెకన్లు కనిపించి, తెగి పెట్టెలో పడుతుంది. తర్వాత బీప్ మోగుతుంది. చాలామంది మీట నొక్కి వెంటనే తిరిగిపోతారు. ఆ ఏడు సెకన్లు ఆగి చూడటమే మీ ఓటుకు మీరు చేసుకునే సరిచూపు. చీటీ మాత్రం చేతికి రాదు.

రెండోసారి నొక్కితే రెండో ఓటు పడదు. తప్పు మీట నొక్కితే మార్చుకోవడానికీ వీల్లేదు. మీట ఎలా నొక్కాలో తెలియకపోతే కంపార్ట్‌మెంట్‌లోకి పోకముందే అడగండి. ప్రిసైడింగ్ అధికారి దగ్గర అట్టతో చేసిన నమూనా ఉంటుంది, దాని మీద చూపిస్తారు. మీరు మిషన్ దగ్గర ఉండగా "నేను నొక్కి పెడతా" అంటూ ఎవరూ లోపలికి రాకూడదు. అధికారి కూడా.

తేడా వచ్చినప్పుడు

ఏ సమస్య వచ్చినా గదిలో తేల్చేది ప్రిసైడింగ్ అధికారి ఒక్కరే. బల్ల దగ్గరి అధికారి కాదంటే "ప్రిసైడింగ్ అధికారితో మాట్లాడతా" అనండి. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

*మీ ఓటు ముందే ఎవరో వేసేశారంటే:* గొడవ పడి బయటికి రావద్దు. మీరెవరో నిరూపించుకుంటే మీకు టెండర్డ్ ఓటు హక్కు ఉంది. ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961లోని 49పి నియమం ఇది. మిషన్ మీద కాకుండా కాగితపు బ్యాలెట్ ఇస్తారు. దాని మీద రబ్బరు ముద్ర వేసి, మడిచి ప్రిసైడింగ్ అధికారికే ఇస్తే, ఆయన విడిగా కవరులో పెడతారు. వేరే రిజిస్టర్‌లో మీ సంతకం తీసుకుంటారు. ఈ ఓటును మామూలు లెక్కింపులో కలపరు. ఫలితం మీద కేసు పడి కోర్టు అడిగితేనే తీస్తారు. అయినా ఇది వేయాలి. మీ పేరు మీద దొంగ ఓటు పడిందనడానికి చట్టం ఒప్పుకునే రాత ఇదే. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు ఆ సాయంత్రానికే గాలికి పోతుంది.

*ఏజెంట్ మీరు వేరే మనిషని అభ్యంతరం చెబితే:* ఏజెంట్ రెండు రూపాయలు కట్టి అభ్యంతరం పెట్టాలి. ప్రిసైడింగ్ అధికారి విచారిస్తారు. నిరూపించాల్సిన బాధ్యత ముందుగా ఏజెంట్‌ది. అభ్యంతరం నిలబడకపోతే మీరు ఓటు వేస్తారు.

*మీ పేరు "ఊళ్లో లేరు" జాబితాలో ఉంటే:* ఆదోని, కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు సుగ్గికి (పనుల కోసం వలస) పోయినవాళ్ల ఇళ్లకు బీఎల్వో వచ్చినప్పుడు తలుపుకు తాళం ఉంటుంది. అప్పుడు వాళ్ల పేర్లను లేనివారు, వలసపోయినవారు, చనిపోయినవారి జాబితాలో రాస్తారు. ఈ జాబితాలో ఉంటే ఓటు పోయినట్టు కాదు. గుర్తింపు పత్రాన్ని ప్రిసైడింగ్ అధికారి స్వయంగా సరిచూస్తారు, సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకుంటారు. కొంచెం సేపు ఎక్కువ పడుతుంది, అంతే. "నువ్వు ఊళ్లో లేవని రాసుంది, పో" అని ఎవరైనా అంటే అది తప్పు. జాబితా నుంచి పేరే కొట్టేసి ఉంటే మాత్రం ఆ రోజు చేయగలిగింది లేదు. అందుకే సుగ్గి నుంచి రాగానే ఒకసారి జాబితా చూసుకోండి.

*వీవీప్యాట్ చీటీలో వేరే పేరు కనిపిస్తే:* 49ఎంఏ నియమం కింద రాతపూర్వక ప్రకటన ఇవ్వొచ్చు. ప్రకటన అబద్ధమని తేలితే శిక్ష ఉంటుందని ముందే హెచ్చరిస్తారు. తర్వాత ఏజెంట్ల ఎదుట అదే మిషన్‌లో మీతో పరీక్ష ఓటు వేయిస్తారు. ఆరోపణ నిజమైతే పోలింగ్ ఆపి రిటర్నింగ్ అధికారికి చెబుతారు. కంగారులో పక్క వరుస మీట నొక్కి, తర్వాత మిషన్ మీద అనుమానపడటం జరుగుతుంది. ప్రకటన మీద సంతకం పెట్టేముందు ఏ మీట నొక్కారో ఒకసారి నెమ్మదిగా గుర్తుచేసుకోండి. చీటీలో తేడాను కళ్లారా చూసి ఉంటే మాత్రం వెనక్కి తగ్గొద్దు.

*మిషన్ ఆగిపోతే:* కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ చెడిపోతే మొత్తం సెట్టు మారుస్తారు, నమూనా పోలింగ్ చేశాకే మళ్లీ మొదలుపెడతారు. వీవీప్యాట్ ఒక్కటే చెడితే దాన్ని మాత్రమే మారుస్తారు. అంతకుముందు పడిన ఓట్లు పాత కంట్రోల్ యూనిట్‌లో భద్రంగా ఉంటాయి. వరస వదిలి పోకుండా అక్కడే నీడ చూసుకోండి.

*మీట నొక్కేది "మాకు చూపించు" అని ఎవరైనా ఒత్తిడి చేస్తే:* ఓటు రహస్యం. మన జిల్లాల్లో ఈ మాట కొన్ని ఊళ్లలో ఎంత బరువైందో అందరికీ తెలుసు. అభ్యర్థి అయినా, ఏజెంట్ అయినా, ఊరి పెద్ద అయినా కంపార్ట్‌మెంట్ వైపు రాకూడదు. అలా వస్తే ప్రిసైడింగ్ అధికారికి, ఆయన పట్టించుకోకపోతే బయట ఉన్న పోలీసులకు, బయటికొచ్చాక 1950కి చెప్పండి. మీరు కూడా ఓటు ఎవరికి వేశారో గదిలో పైకి చెప్పకూడదు. చూపిస్తూ వేస్తే మిమ్మల్ని ఓటు వేయనివ్వకుండా ఆపే అధికారం ప్రిసైడింగ్ అధికారికి ఉంది.

సంతకం పెట్టాక ఓటు వేయొద్దనిపిస్తే 49ఓ నియమం కింద ఆ మాట రిజిస్టర్‌లో రాసి, మళ్లీ సంతకం తీసుకుని పంపిస్తారు. ఎవరూ నచ్చలేదన్నదే కారణమైతే నోటా నొక్కడమే మేలు, ఆ ఓటు లెక్కలో కనిపిస్తుంది.

సాయం కావాల్సినవాళ్లు

చూపు లేక, లేదా చేతులు పనిచేయక మీట నొక్కలేనివాళ్లు 18 ఏళ్లు నిండిన ఒక మనిషిని వెంట తీసుకెళ్లొచ్చు. ఆ సాయం చేసే మనిషి ఆ రోజు ఇంకెవరికీ సాయంగా రాకూడదు, అందుకే ఆయన కుడిచేయి చూపుడువేలికి సిరా పెడతారు. ఓటు రహస్యంగా ఉంచుతానని రాసి ఇవ్వాలి. చదువు రాకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. గుర్తులు, ఫొటోలు ఉన్నది అందుకే.

85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటు వేయాలనుకుంటే నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం 12డి ఇవ్వాలి. అది మంజూరైతే బూత్‌లో వేయడానికి కుదరదు. రెండింటిలో ఏది కావాలో ముందే తేల్చుకోండి. బూత్‌కే రావాలనుకునే దివ్యాంగులు సక్షమ్ యాప్‌లో చక్రాల కుర్చీ అడగొచ్చు.

ఆరు గంటలకు గేటు మూస్తే

ఆరు కొట్టేసరికి వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ, ఎంత రాత్రయినా, ఓటు వేసే హక్కు ఉంది. ప్రిసైడింగ్ అధికారి వరస చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు వస్తూ సంతకం చేసిన నంబరు చీటీలు పంచుతారు. చివరి నుంచి ఇవ్వడం వల్ల తర్వాత వచ్చినవాళ్లు వెనక చేరలేరు. ఆ సమయంలో నీళ్లు తాగడానికని పక్కకు పోతే చీటీ దక్కదు. ఆరుకు పది నిమిషాల ముందు నుంచి మీ చోటు కదలొద్దు.

కాగితంతో జరిగే ఎన్నికలు

పైన చెప్పిందంతా అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు. పంచాయతీ, పురపాలక, పరిషత్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం జరిపిస్తుంది, వేళలు వేరు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో ఉదయం 6:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకే పోలింగ్ జరిగింది. సాయంత్రం పోదామనుకుంటే అక్కడ తలుపులు మూసి ఉంటాయి. సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు, కాబట్టి అభ్యర్థికి ఏ గుర్తు ఇచ్చారో ముందే తెలుసుకోవాలి. సర్పంచ్‌కు ఒక కాగితం, వార్డు సభ్యుడికి ఇంకొకటి ఇస్తారు. స్వస్తిక్ ముద్రను అభ్యర్థి గుర్తు ఉన్న గడిలోనే, గీత మీద పడకుండా, ఒక్కసారే వేయాలి. కాగితాన్ని మొదట నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అడ్డంగా ముందు మడిస్తే తడి సిరా ఇంకో అభ్యర్థి గడిలో అంటుకుని, లెక్కించే చోట ఓటు మీద వాదన మొదలవుతుంది. రెండు సెకన్లు ఆరనిచ్చి మడవండి.

మన మూడు పాత జిల్లాలకు కలిపి పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ స్థానాలున్నాయి. 2023 మార్చి 13న వాటికి పోలింగ్ జరిగింది. వీటికి మామూలు ఓటర్ల జాబితా పనికిరాదు, విడిగా నమోదు కావాలి. ఓటు కూడా ముద్రతో కాదు. బూత్‌లో ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతోనే మొదటి ప్రాధాన్యం ఇచ్చే అభ్యర్థి ఎదురుగా 1 అని అంకె వేయాలి, కావాలనుకుంటే మిగిలినవారికి 2, 3 వేసుకుంటూ పోవచ్చు. "ఒకటి" అని అక్షరాల్లో రాసినా, టిక్కు పెట్టినా, 1 ఇద్దరికి వేసినా, సొంత పెన్ను వాడినా, కింద సంతకం చేసినా ఆ ఓటు చెల్లదు.